కుక్కకు వాకిలి, పిల్లికి అటక

అమ్మ పోయిన ఏడాదిన్నరకు నాన్న మా ఇంటికి వచ్చి ఉండడానికి ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు పెట్టారు. "రాజుగాడు కూడా వస్తాడమ్మా. వాణ్ణి ఎవరికో అప్పజెప్పి నేను రాలేను."

రాజు ఐదేళ్ళ నాటు కుక్క. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఆ మంచం కిందే పడుకున్నాడు. ఆమె పోయాక ఆ ఇంట్లో నాన్న మాట్లాడే తోడు వాడొక్కడే. కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ మాది విజయవాడలో మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో అప్పటికే రెండు పిల్లులు ఉన్నాయి. తారకు తొమ్మిదేళ్ళు, బుజ్జిగాడికి మూడేళ్ళు. ఇద్దరూ జన్మలో కుక్కను దగ్గరగా చూసినవాళ్ళు కారు.

మొదటి రోజే తప్పు చేశాను. పరిచయం చేస్తే సరిపోతుందనుకుని తారను చంకనెత్తుకుని హాల్లోకి తీసుకొచ్చాను. రాజు తోక ఊపుతూ ఒక్క అడుగు ముందుకు వేశాడు. అంతే. నా మోచేతి మీద నాలుగు గీతలు పడ్డాయి, తార మంచం కిందికి వెళ్ళి మర్నాటి దాకా బయటికి రాలేదు, అన్నం ముట్టలేదు. బుజ్జిగాడు ఫ్రిజ్ మీదెక్కి అక్కణ్ణించే బుసకొట్టాడు. రాజు పాపం ఏం తప్పు చేశాడో తెలియక నాన్న కాళ్ళ దగ్గర ముడుచుకున్నాడు. ఆ రాత్రి నాన్న, "అమ్మాయ్, రెండ్రోజులు చూసి మేం ఊరెళ్ళిపోతాంలే" అన్నారు. మా అమ్మాయేమో నా గదిలోకొచ్చి, "అమ్మా, తారను ఎవరికైనా ఇచ్చేస్తావా?" అనడిగింది. ఇద్దరికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను ఆలోచించింది ఒక్కటే. మా ఊరి పెంకుటింట్లో నా చిన్నప్పుడు ఎప్పుడూ ఒక కుక్కా, ఒకటో రెండో పిల్లులూ ఉండేవి. వాటిని ఎవరూ పరిచయం చెయ్యలేదు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మరి అవి అంతకాలం ఎలా సర్దుకున్నాయి? ఆ ప్రశ్న పట్టుకుని దొరికినవన్నీ చదువుతూ పోతే, చివరికి జవాబు మా పెంకుటింటి గోడల్లోనే ఉందని అర్థమైంది. ఎక్కడెక్కడ తిరిగి అక్కడికి వచ్చానో చెప్తాను.

కుక్కకూ మనిషికీ స్నేహం వ్యవసాయం కన్నా పాతది. మనకు ఇళ్ళూ పొలాలూ లేని రోజుల్లో, వేటాడుకుంటూ తిరిగే రోజుల్లోనే కొన్ని తోడేళ్ళ సంతతి మనిషి వెంట నడిచి కుక్కలయ్యాయి. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. సుమారు 14,000 ఏళ్ళ నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక స్త్రీ, వాళ్ళతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. దాని పళ్ళను పరీక్షించిన శాస్త్రవేత్తలు, ఏడు నెలల ఆ పిల్లకు డిస్టెంపర్ జబ్బు చేసిందనీ, మనుషులు దగ్గరుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికి ఉండేది కాదనీ తేల్చారు. అది చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. వేటకు పనికిరాని జబ్బు కుక్కపిల్లకు ఎవరో నీళ్ళు తాగించారు, శుభ్రం చేశారు. ఇల్లు అనేదే లేని రోజుల్లో కుక్కకు ఇల్లంటే మనిషే. ఇప్పటికీ అంతే. రాజు మా ఫ్లాటుకు రాలేదు, నాన్న వెంట వచ్చాడు. నాన్న ఎక్కడుంటే వాడికి అదే ఇల్లు.

పిల్లి కథ వేరు. అది మన వెంట పడలేదు, మన గింజల వెంట వచ్చింది. పశ్చిమాసియాలో సుమారు 10,000 ఏళ్ళ కిందట మనుషులు ఒకచోట స్థిరపడి ధాన్యం నిలవ చేయడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లులు వచ్చాయి. వాటిని ఎవరూ పట్టి కట్టెయ్యలేదు. సైప్రస్ దీవిలో షిల్లూరోకాంబోస్ అనే పాత ఊరి తవ్వకాల్లో, సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక మనిషి సమాధి పక్కనే మూరెడు దూరంలో ఎనిమిది నెలల పిల్లిని పూడ్చిన చోటు దొరికింది. ఆ సంగతి 2004లో లోకానికి తెలిసింది. ఆ దీవిలో పుట్టిన పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో వెంటబెట్టుకుని తీసుకెళ్ళారన్నమాట. మనిషికి పిల్లి మీద ప్రేమ అప్పటికే పుట్టింది. కానీ పిల్లికి ముందు దక్కింది చోటు, ఆ తర్వాతే మనిషి. ఈ మూలన ఎలుకలు దొరుకుతాయి, ఆ గాదె వెనక పిల్లల్ని పెట్టుకోవచ్చు, ఈ దూలం మీద నుంచి అంతా కనిపిస్తుంది. పిల్లి లోకం అంతా ఈ లెక్కే.

ఈ రెండూ ఒకే ఊళ్ళో ఉంటే ఏమవుతుందో మన ఉపఖండపు పాత ఇటుక ఒకటి చెప్తుంది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్ ప్రాంతంలో చన్హుదారో అనే హరప్పా కాలపు పట్టణాన్ని 1935-36లో ఎర్నెస్ట్ మెకే తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక ఇటుక మీద పిల్లి పాదాల గుర్తు, దాని మీద కొంచెం పడేలా కుక్క పాదం గుర్తు ఉన్నాయి. ఎండబెట్టిన పచ్చి ఇటుక మీదుగా రెండూ పరుగెత్తి ఉంటాయి. అడుగులు లోతుగా దిగాయి కాబట్టి నడక కాదు, పరుగేనని, కుక్క పిల్లిని తరిమిందని మెకే అనుకున్నాడు. 4,000 ఏళ్ళ కిందటి ఆ ఇటుకను చూస్తే మా హాల్లో జరిగినదే గుర్తొచ్చింది. నేను చేసిన తప్పు కొత్తదేమీ కాదు.

కానీ ఒకే ఇంట్లో రెంటినీ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. క్రీస్తుకు ముందు 5వ శతాబ్దంలో ఈజిప్టు తిరిగిన గ్రీకు రచయిత హెరొడొటస్ ఒక సంగతి రాశాడు. ఆ దేశంలో ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఇంటివాళ్ళంతా కనుబొమలు గొరిగించుకునేవారట. కుక్క చచ్చిపోతే తలా, ఒళ్ళూ మొత్తం గొరిగించుకునేవారట. చావుకు మైల పట్టేంత దగ్గరి చుట్టాలు అవి రెండూ. ఆ దేశపు సమాధి గోడల మీద పిల్లి ఎక్కడ కనిపిస్తుందో చూడండి. సుమారు 3,400 ఏళ్ళ నాటి నఖ్త్ అనే ఉద్యోగి సమాధిలో దంపతులు కూర్చున్న ఆసనం కింద కూర్చుని ఒక పిల్లి చేప తింటూ ఉంటుంది. మనుషుల మధ్యే ఉంది, కానీ తనకంటూ ఒక చాటు ఉంది.

ఇటలీలో అగ్నిపర్వతం బద్దలై క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపే నగరం ఇంకా స్పష్టంగా చెప్తుంది. అక్కడ ఒక ఇంటి గుమ్మంలోనే, నేల మీద రంగురాళ్ళతో గొలుసు కట్టిన కుక్క బొమ్మ వేసి, కుక్కతో జాగ్రత్త అని రాయించారు. అదే నగరంలో మరో పెద్ద ఇంటి లోపల, ఒక పిట్టను పంజాతో అదిమిపట్టిన పిల్లి బొమ్మ దొరికింది. ఆ బొమ్మ కింది భాగంలో బాతులు, చేపలు, అంటే వంటింటి సరుకు. కుక్క గుమ్మంలో, పిల్లి లోపలి గదుల్లో. ఎవరి చోటు వాళ్ళది.

గుమ్మం దాటి లోపలికి రావచ్చా లేదా అన్నది కుక్కకు మన కథల్లో కూడా పాత తగాదానే. మహాభారతం కథ మొదట్లోనే సరమ అనే దేవశునకం కనిపిస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి వెళ్ళిన తన పిల్లను, ఏ తప్పూ చెయ్యకపోయినా రాజు తమ్ముళ్ళు కొట్టారని ఆ తల్లి వెళ్ళి నిలదీస్తుంది. 11వ శతాబ్దంలో నన్నయ గారు భారతాన్ని తెలుగు చేసినప్పుడు మనకు ఆ తల్లి మాట తెలుగులో వినబడింది. ఇక భారతం చివర్లో ధర్మరాజు స్వర్గం గుమ్మం ముందు నిలబడి, వెంట వచ్చిన కుక్కను వదిలి లోపలికి రానంటాడు. మొదట్లోనూ కుక్క గుమ్మం దగ్గరే, చివర్లోనూ గుమ్మం దగ్గరే. నాన్న ఫోన్‌లో పెట్టిన షరతు నాకు అప్పుడు ఇంకోలా వినిపించింది.

యూరప్‌లో ఈ సర్దుబాటును ఏకంగా వడ్రంగులే చేసి పెట్టారు. ఇంగ్లండ్‌లో 1611 నాటి హాట్‌ఫీల్డ్ హౌస్ అనే భవంతిలో మేడమెట్ల మొదట్లో చెక్క గేట్లు ఉన్నాయి. కుక్కలు కింది హాల్లో తిరగవచ్చు గానీ మెట్లెక్కి పై గదులకు పోకూడదని పెట్టినవి. అదే దేశంలో ఎక్సెటర్ పట్టణపు పెద్ద చర్చిలో, పాత గడియారం కింద ఉన్న తలుపుకు 1598 ప్రాంతంలో ఒక గుండ్రటి కన్నం చేయించారు. లోపలి ఎలుకల సంగతి చూడడానికి పిల్లి దాని దారిన అది వెళ్ళిరావడానికి. కుక్కకు గేటు, పిల్లికి కన్నం. ఒకరిని ఆపారు, ఒకరికి దారిచ్చారు.

ఇది చదివాక నాకు మా ఊరి ఇల్లు కళ్ళముందు కదిలింది. ఆ ఇంట్లో కుక్క చోటు వాకిలి, అరుగు. రాత్రి అన్నం ముద్ద వాకిట్లోని మూకుడులో పడేది. గడప దాటి లోపలికొస్తే "ఛీ, పో" అని నానమ్మ కేక. పిల్లి చోటు అటక, గాదె వెనక సందు, వంటింటి పొయ్యి పక్కన వెచ్చటి గచ్చు. పాలూ వెన్నా మాత్రం పిల్లికి అందకుండా ఉట్టి మీదకెక్కేవి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని మనం ఊరికే అనుకోలేదు, రోజూ ఆ ప్రయత్నం చేసే పిల్లిని చూసే అనుకుని ఉంటాం. కుక్క పెరట్లోకి వస్తే పిల్లి గోడెక్కేది, గోడ మీంచి పెంకుల మీదికి, అక్కణ్ణించి అటక మీదికి. వాటికి స్నేహం కుదిరిందని కాదు. వాటి మధ్య ఇల్లే నిలబడి సర్ది చెప్పేది.

ఫ్లాటులో ఆ ఇల్లు లేదు. వాకిలి పోయింది, పెరడు పోయింది, అరుగు పోయింది. పిల్లి ఇలా పూర్తిగా ఇంట్లోనే ఉండిపోవడం కూడా చాలా ఈమధ్య మాట. అమెరికాలో 1947లో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన తేమను పీల్చే మట్టి గుళికలను పిల్లి దొడ్డి కోసం అమ్మడం మొదలుపెట్టాకే, బయటికి పంపకుండా పిల్లిని ఏడాది పొడుగునా గదుల్లో ఉంచుకోవడం తేలికైంది. వేల ఏళ్ళ పాటు వాకిలికీ అటకకూ విడివిడిగా అలవాటు పడ్డ రెండు ప్రాణుల్ని మనం ఒక్క తరంలో ఒకే హాల్లోకి తెచ్చి, కలిసి ఉండండి అన్నాం. ఉండకపోతే వాటిదే తప్పంటున్నాం. తారది మొండితనం కాదు, రాజుది దుడుకుతనం కాదు. వాళ్ళకు దక్కాల్సిన చోట్లు మా ఇంట్లో లేవు.

కాబట్టి ఫ్లాటులోనే ఒక వాకిలీ, ఒక అటకా కట్టాలనుకున్నాను.

వాకిలి అంటే నాన్న గది. మొదటి వారం రాజు ఆ గదిలోనే. నడకకు బయటికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం పిల్లుల్ని మా గదిలో పెట్టి తలుపు వేసేవాళ్ళం. ఆ వారంలో ఒకరినొకరు చూసుకోలేదు గానీ వాసన తెలిసేలా చేశాను. రాజు ఒళ్ళు తుడిచిన తువ్వాలు తార పళ్ళెం దగ్గర వేశాను, తార పడుకున్న దుప్పటి ముక్క రాజు పక్కలో వేశాను. మొదట తార ఆ తువ్వాలు ఉన్న వైపుకే రాలేదు. అప్పుడు పళ్ళేన్ని దూరం జరిపి, రోజుకో జానెడు దగ్గరికి తెచ్చాను. ఐదో రోజుకి దాని మీద కూర్చుని తినేసింది.

రెండో వారం మా వారు వడ్రంగిని పిలిచి నాన్న గది గుమ్మానికి నడుమెత్తు చెక్క గేటు పెట్టించారు. హాట్‌ఫీల్డ్ గేటు అన్నమాట. రాజుకు బయట కనిపిస్తుంది, దాటలేడు. పిల్లులకు లోపల కనిపిస్తుంది, కావాలంటే వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఆ తర్వాత రాజును గొలుసుతో హాల్లోకి తెచ్చేవాళ్ళం. నాన్న కుర్చీలో కూర్చుని గొలుసు పట్టుకునేవారు. పిల్లి కనిపించినా రాజు లేవకుండా నాన్న మొహం వైపు చూస్తే ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి. లేస్తే తిట్టు లేదు, ముక్కా లేదు. కుక్కకు ఇల్లు మనిషే అని చెప్పాను కదా, రాజుకు నేర్పాల్సింది పిల్లిని ప్రేమించమని కాదు, నాన్న వైపు చూడమని. అది వాడికి 14,000 ఏళ్ళ నాటి అలవాటు.

అటక సంగతి కష్టమైంది. మా ఫ్లాటులో వంటింటి పైన ఒక లాఫ్ట్ ఉంది. దాని నిండా ఊరి నుంచి తెచ్చిన అమ్మ సామాను. ఇత్తడి బిందెలు, గుండిగలు, పెద్ద గంగాళం. అమ్మ పోయాక వాటిని తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఒక మధ్యాహ్నం నాన్నే స్టూలు వేసుకుని, "ఇవన్నీ దించు, పిల్లికి చోటు కావాలిగా" అన్నారు. ఒక్కొక్కటీ దించుతూ ఏది ఏ పెళ్ళిలో కొన్నదో చెప్పుకొచ్చారు. గంగాళం దగ్గర ఆగి, "మన ఇంటి అటక మీద ఏటా పిల్లి ఇందులోనే ఈనేది, మీ అమ్మ పాత చీర పరిచి పెట్టేది, నీకు గుర్తుందా?" అన్నారు. నాకు గుర్తు లేదు. ఆ గంగాళాన్ని మాత్రం పైనే ఉంచేశాం. ఫ్రిజ్ మీంచి లాఫ్ట్‌కి వెళ్ళేలా గోడకు రెండు పలకలు కొట్టించాం. తిండి పళ్ళేలు వంటగట్టు మీదికి, దొడ్డి డబ్బా కుక్క దూరలేని బాల్కనీ మూలకు మారాయి.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే, నేను ఆలస్యంగా తెలుసుకున్నవి కొన్ని ముందే చెప్తాను. పిల్లిని ఎత్తుకుని కుక్కకు చూపించకండి. దానికి పారిపోయే దారే ధైర్యం, మన చంకలో ఆ దారి ఉండదు. తోక భాష రెంటికీ వేరు. కుక్క ఒళ్ళంతా వదులుగా పెట్టి తోక ఊపితే సంతోషం, పిల్లి తోకను విసురుగా అటూ ఇటూ కొడితే చిరాకు. టెల్ అవీవ్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న వయసులోనే కలిస్తే, పైగా పిల్లి ముందు ఇంట్లో ఉండి కుక్క తర్వాత వస్తే స్నేహం కుదిరే అవకాశం ఎక్కువని, కాలం గడిస్తే ఒకరి భాష ఒకరు నేర్చుకుంటారని చూశారు. మావాళ్ళు చిన్నవాళ్ళు కారు, అందుకే మాకు వారాలు కాదు, నెలలు పట్టింది. కుక్క తిండి పిల్లికి అలవాటు చెయ్యకండి, పిల్లి గుండెకూ కళ్ళకూ కావలసిన టారిన్ అందులో చాలదు. పిల్లి ఒక రోజు దాటి ఏమీ తినకపోతే అలిగిందనుకుని ఊరుకోకండి, దాని కాలేయానికి ప్రమాదం, డాక్టరుకు చూపించండి. మనం ఇంట్లో లేనప్పుడు నమ్మకం పూర్తిగా కుదిరే దాకా మధ్యలో ఒక తలుపు వేసే ఉంచండి.

నాన్న వచ్చి ఇప్పటికి ఎనిమిది నెలలు. తారా రాజూ ఒకరి మీద ఒకరు తలపెట్టి పడుకునే ఫొటో మీకు చూపించలేను, అలాంటిది జరగలేదు. జరుగుతుందనీ నేను అనుకోవడం లేదు. బుజ్జిగాడు మాత్రం రాజు తోకతో ఆడుకునే దాకా వచ్చాడు. తారకు అంత చనువు ఇష్టం లేదు. ఆమె లాఫ్ట్ మీద గంగాళంలో, అమ్మ పాత నేతచీర మీద పడుకుని, కింద నాన్న కాళ్ళ దగ్గర పడుకున్న రాజును చూస్తూ ఉంటుంది. రాజు అప్పుడప్పుడూ తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటాడు.

ఊరెళ్ళిపోతామన్న మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. మొన్న కరెంటు పోయినప్పుడు చీకట్లోంచి ఆయన గొంతు వినిపించింది. "రాజూ, కదలకురా, తార దిగుతోంది."